పదహారో పాట

"మీకు ముప్పావుగంట ఇస్తున్నా," అన్నాడు సీఐ ప్రసన్నకుమార్. "మూడింటికి మరియదాసుని జీపెక్కిస్తాం. ఐదింటికల్లా మేజిస్ట్రేటు ముందు ఉండాలి. వేలిముద్రలవాళ్ళ పని అయిపోయింది కాబట్టి గ్లౌజులు వేసుకుని ముట్టుకోండి. ఇక్కణ్ణుంచి ఏదీ బయటికి పోకూడదు."

"ముప్పావుగంట చాలు," అంది బిందుమాధవి.

"చాలకపోయినా అంతే."

సోమవారం. టైము రెండుంపావు. చిలకలూరిపేట శివార్లలో పదేళ్ళ కిందట మూతపడిన జిన్నింగ్ మిల్లు అది. ఒకప్పుడు పత్తి బేళ్ళు పేర్చిన గదిలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. గోడలకు పైనుంచి కింద దాకా గోనెపట్టాలు కొట్టి ఉన్నాయి. డ్రమ్ములు, రెండు గిటార్లు, రెండు యాంప్లిఫయర్లు, మైకు స్టాండు, బల్ల మీద పాత స్పూల్ టేప్ మెషీన్. నేల మీద సుద్దతో గీసిన మనిషి ఆకారం.

ఆ ఆకారం కరుణాకర్‌ది. అరవై రెండేళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి వాచ్‌మన్ బుల్లయ్య తలుపు తోసేసరికి బోర్లా పడి ఉన్నాడు. మైకు స్టాండు అడుగున ఉండే ఇనప దిమ్మతో తల వెనక ఒకే ఒక్క దెబ్బ.

నలభై ఏళ్ళ కిందట నలుగురు కుర్రాళ్ళు ఈ గదిలోనే 'నల్లరేగడి' అనే హార్డ్ రాక్ బృందం పెట్టారు. చర్చిలో గిటారు నేర్చుకున్న కరుణాకర్ పాడేవాడు. మిల్లు ఓనరు కొడుకు కోటేష్ బేస్ గిటారు. మిల్లులో బస్తాలు మోసే మరియదాసు డ్రమ్ములు. మైకుసెట్ల కలీం రికార్డింగు. జిల్లాలో ఆ తరం వాళ్ళెవరినడిగినా వాళ్ళ పాటలు చెబుతారు. ఇప్పుడు ఆ పాటల్లోంచి పదహారు ఏరి ఒకే ఆల్బంగా, పెద్ద నల్ల రికార్డులుగా తెస్తున్నారు. వచ్చే నెల విడుదల. పాటలు ఏరిందీ, వరస పెట్టిందీ కరుణాకరే. పదహారోది, చివరిది, వాళ్ళందరికీ పేరు తెచ్చిన 'నెర్రెలు'.

మరియదాసు అరెస్టయింది నిన్న సాయంత్రం. గంటలోపే అతని కూతురు ఆరాధన గుంటూరులో బిందుమాధవి డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కింది. ప్రత్తిపాడులో టీచరు. ఆ అమ్మాయి చెప్పింది రెండే రెండు మాటలు. "మా నాన్న చంపలేదు. కానీ నోరు తెరవట్లేదు మేడమ్, నాతో కూడా." ఇప్పుడు బయట అరుగు మీద కూర్చుని ఉంది.

"మీ కథ నేను చెప్తా సీఐ గారూ, తప్పుంటే దిద్దండి," అంది బిందుమాధవి. "శుక్రవారం పదింటికి మరియదాసు ఇక్కడికొచ్చాడు. ఇద్దరూ పెద్దగా అరుచుకున్నారు. పదీ ముప్పై అయిదుకి వెళ్ళిపోయాడు. పదీ యాభై నుంచి ఒంటిగంట దాకా చర్చిలో ఉపవాస ప్రార్థనలో డ్రమ్ములు వాయిస్తున్నాడు. నలభై మంది చూశారు. పదకొండున్నరకి బుల్లయ్య కరుణాకర్ పాట విన్నాడు. అంటే అప్పటికి కరుణాకర్ బతికే ఉన్నాడు. మరియదాసు చంపే వీల్లేదు."

"పాడింది మనిషైతే," అన్నాడు ప్రసన్నకుమార్. అతని పెదవి చివర చిన్న నవ్వు మొలిచింది. "ఆ రోజు తొమ్మిదీ యాభై నుంచి పదకొండూ ఇరవై ఎనిమిది దాకా ఈ లైన్లో కరెంటు లేదు. సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ చూశా. పొలంలో మోటారుకి ఆటో స్టార్టర్ ఎందుకు పెడతారు మేడమ్?"

"రైతు దగ్గర లేకపోయినా కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరగడానికి."

"అంతే. మరియదాసు పదిన్నరకి దిమ్మతో కొట్టాడు. స్పూలు ఎక్కించి ప్లే నొక్కాడు. కరెంటు లేదు, మెషీన్ కదల్లేదు. తలుపు దగ్గరికేసి చర్చికి పోయాడు. కరెంటొచ్చింది, చచ్చిపోయినవాడు పాడాడు. ఆ స్పూలు మీద ఉన్నది ఒకే పాట. 'నెర్రెలు', ఆరున్నర నిమిషాలు. మేం వచ్చేసరికి టేపు మొత్తం కుడి చక్రానికి చుట్టుకుని, చివర వేలాడుతోంది."

బిందుమాధవి తల ఊపింది. "మంచి ఊహ. నిజంగానే అంటున్నా."

"ఊహ కాదు. కోటేష్ గారు కారులో ఈ రోడ్డున వెళ్తూ ఆ పాట విన్నారు. తొంభై ఒకటో సంవత్సరం రికార్డింగే అని స్టేట్‌మెంటు ఇచ్చారు. తను వాయించిన బేస్ తనకి తెలీదా? పైగా ఆ స్పూలు ఆయనే బుధవారం కరుణాకర్‌కి ఇచ్చారట."

"కోటేష్ గారిని ఒకసారి పిలిపిస్తారా?"

"పిలిచా. మిల్లు ఆయనది. పంచనామా కాగితం మీద సంతకం పెట్టాలి. వస్తున్నారు." సీఐ వాచీ చూసుకున్నాడు. "మీకు నలభై నిమిషాలుంది."

ఆమె గుమ్మంలోకి వెళ్ళి బుల్లయ్యను పిలిచింది. డెబ్బై ఏళ్ళ మనిషి. మిల్లు నడిచినప్పుడు ప్రెస్సు దగ్గర పనిచేశాడు, మూతపడ్డాక కాపలా ఉన్నాడు.

"శుక్రవారం పాట ఎక్కడ కూర్చుని విన్నావు బాబాయ్?"

"కాటా గది అరుగు మీదమ్మా. టీ తాగతా ఉన్నా."

"కరెంటు రాగానే మొదలైందా?"

"రాగానే కాదు. ఫ్యాను తిరిగింది. బీడీ ముట్టించా. బీడీ సగమయ్యాక మొదలైంది."

"బీడీ సగం అంటే ఎన్ని నిమిషాలు?" అన్నాడు సీఐ వెనకనుంచి.

"మీరు కాలిస్తే రెండు. నేను కాలిస్తే నాలుగు."

కానిస్టేబులు నవ్వబోయి, సీఐ మొహం చూసి మానేశాడు.

"పాట ఎట్లా ఉంది?" అంది బిందుమాధవి.

"ఎనకట్లాగే ఉంది. బల్ల మీద టీ గ్లాసు అదురుతా అదురుతా అంచుదాకా జరిగింది. పడబోతే పట్టుకున్నా. మిల్లు నడిచే రోజుల్లో ఈళ్ళు వాయిస్తే అట్టానే అదిరేయి గ్లాసులు. గుండెల్లో కొట్టుద్దమ్మా ఆ పాట."

"ఎవరైనా లోపలికి రావడం, పోవడం?"

"ముందు గేటునుంచి మరియదాసు తప్ప ఎవరూ రాలా. ఎనక లారీల గేటు నాకు కనపడదు. దానికి తాళం లేక ఆరేళ్ళయింది."

ఆమె గ్లాసు సంగతి నోట్‌బుక్‌లో రాసుకుంది. తర్వాత తను వెంటబెట్టుకొచ్చిన కలీం వైపు తిరిగింది. తెల్ల గడ్డం, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. నల్లరేగడి పాడిన ప్రతి పాటనూ రికార్డు చేసింది ఈయనే.

"కలీం గారూ, ఆ మెషీన్ చూడండి."

కలీం బల్ల ముందు వంగాడు. టార్చి వేసి, కళ్ళజోడు ఎగదోసుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"హెడ్డు మీద మరకుంది మేడమ్," అన్నాడు.

టేపును తాకి పాటను చదివే చిన్న లోహపు ముక్క అది. దాని మీద గోరంత మేర, గోధుమ రంగు పొక్కు.

"తుప్పు," అన్నాడు సీఐ.

"తుప్పు కాదు సార్, టేపు మీద పూత. పాట ఉండేది ఆ పూతలోనే. టేపు చెమ్మగా ఉంటే పూత ఊడి హెడ్డుకి అంటుకుపోతుంది."

"మే నెలలో చెమ్మేంటయ్యా? బయట నలభై మూడు డిగ్రీలు."

"బయట వేడిగా ఉంది కాబట్టే సార్." కలీం నడుం నిటారుగా చేశాడు. "మా స్పూళ్ళన్నీ ఇరవై రెండేళ్ళుగా ఏసీలో ఉన్నాయి. అదే, కోటేష్ కోల్డ్ స్టోరేజీలో. ఇళ్ళల్లో పెడితే ఎండకి జిగురు కారుతున్నాయి, వానాకాలం బూజు పడుతున్నాయి. కచేరీలు ఆగిపోయాక మరియదాసు ఆ కోల్డ్ స్టోరేజీలోనే హమాలీగా చేరాడు. మిర్చిని కాపాడే చలి మన పాటల్ని కాపాడదా అన్నాడు. పైనున్న చిన్న గదిలో, ఐదు డిగ్రీల్లో పెట్టాం."

"అయితే?"

"ఏసీలోంచి తీసిన మిర్చి టిక్కీని, అదే బస్తాని, హమాలీలు వెంటనే విప్పుతారా సార్? ప్లాట్‌ఫారం మీద వదిలేస్తారు. వెంటనే విప్పితే వేడిగాలి తగిలి కాయ చెమట పడుతుంది. మెత్తబడి, రంగు పోతుంది. టేపూ అంతే. డబ్బా తీసిన రోజు మూత తియ్యం. ఒక రోజంతా పక్కన పెట్టి మర్నాడు విప్పుతాం. ఈ పద్ధతి పెట్టింది మరియదాసే. ఒకసారి నేను తొందరపడి మూత తీయబోతే చేతి మీద కొట్టాడు."

బిందుమాధవి కుడి చక్రం వైపు చూసింది. "టేపు చుట్టుకున్న తీరు ఎలా ఉంది?"

కలీం వేలు పెట్టకుండా చూపించాడు. "మెషీన్ చుడితే అంచు పళ్ళెంలా నున్నగా ఉంటుంది. ఇది చూడండి, ఎగుడు దిగుడు. చేత్తో చుట్టారు."

"అంతా విప్పండి. మొదటి అంగుళం దాకా."

కలీం ఎడమ చక్రాన్ని చూపుడువేలితో నెమ్మదిగా తిప్పుతూ టేపును వెనక్కి చుట్టసాగాడు. తొమ్మిది నిమిషాలు పట్టింది. టేపు మీద గోధుమ పూత ఎక్కడా గీత పడకుండా, చెక్కుచెదరకుండా సాగిపోయింది. చిట్టచివర, అంటే పాట మొదలయ్యే చోట, గోరంత మేర పూత లేదు. గాజులా అవతలి వెలుగు కనబడుతోంది.

కలీం టార్చి ఆర్పేశాడు. "ఆరున్నర నిమిషాల పాటలో హెడ్డు తాకింది ఈ ముక్క ఒక్కటే."

"ఇంకా అర్థం కాలేదా సీఐ గారూ?" అంది బిందుమాధవి. "ఏసీలోంచి అప్పుడే తీసిన డబ్బా. మూత తీసి, ఎక్కించి, ప్లే నొక్కారు. టేపు హెడ్డుకి అతుక్కుపోయింది. దాన్ని ఊడబెరికి, పాట అయిపోయినట్టు, బుల్లయ్య విన్నది టేపునే అన్నట్టు కనపడాలని మిగతాదంతా చేత్తో చుట్టారు. ఈ టేపు శుక్రవారం ఒక్క క్షణం కూడా పాడలేదు. బుల్లయ్య విన్నది కరుణాకర్ గొంతే."

"చేత్తో చుట్టింది మరియదాసు కాదని ఎలా చెప్తారు?"

"టేపు అతుక్కుందని ఎప్పుడు తెలుస్తుంది? చక్రం తిరగబోయి ఆగినప్పుడు. చక్రం తిరగాలంటే కరెంటుండాలి. కరెంటొచ్చింది పదకొండూ ఇరవై ఎనిమిదికి. అప్పుడు మరియదాసు నలభై మంది ముందు కూర్చుని డ్రమ్ములు వాయిస్తున్నాడు. లాగ్‌బుక్ మీరే చూశారుగా."

ప్రసన్నకుమార్ మెషీన్ వైపు చూశాడు. రెండు అడుగులు నడిచి, సుద్దగీత దగ్గర ఆగాడు.

"ఇదంతా మీరు వెంటబెట్టుకొచ్చిన మనిషి మాట."

"ల్యాబుకి పంపించండి."

"పంపిస్తా. మూడు వారాలు పడుతుంది."

"ఆ మూడు వారాలూ మరియదాసు జైల్లో ఉంటాడు."

"ఉంటాడు! నన్నేం చెయ్యమంటారు? ఒకణ్ణి వదిలేసి ఉత్త చేతులతో కోర్టుకెళ్ళమంటారా? గొడవపడ్డాడు, ఎందుకు గొడవపడ్డావురా అంటే నోరు విప్పడు. నిన్నట్నుంచి ఒక్క మాట లేదు. తప్పు చెయ్యనివాడు ఇట్లా ఉంటాడా?"

బిందుమాధవిని పొద్దున్నుంచీ తొలుస్తున్న ప్రశ్న కూడా అదే.

టైము మూడూ రెండు. బయట కారు ఆగిన చప్పుడైంది. కానిస్టేబులు తలుపులోంచి తల పెట్టి, "స్టేషన్ నుంచి జీపు బయల్దేరింది సార్, కోటేష్ గారు కూడా వచ్చారు," అన్నాడు.

కోటేష్ తెల్లచొక్కాలో వచ్చాడు. పొడవాటి మనిషి. గుమ్మంలోనే చెప్పులు విడిచి, సుద్దగీతను తొక్కకుండా చుట్టూ తిరిగి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కరుణ లేకుండా ఈ గదిలోకి రావడం ఇదే మొదటిసారి," అన్నాడు. ఆ గొంతులో దుఃఖం నిజమైనదే.

"నాలుగు ప్రశ్నలు కోటేష్ గారూ," అంది బిందుమాధవి. "నెర్రెలు స్పూలు డబ్బా కరుణాకర్ గారికి ఎప్పుడిచ్చారు?"

"బుధవారం సాయంత్రం ఐదింటికి. సీఐ గారికి చెప్పానుగా."

"ఎవరి చేత పంపారు?"

"నేనే తెచ్చిచ్చా. ఆ గది తాళంచెవి నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదు."

"ఆ తర్వాత డబ్బా మళ్ళీ ఏసీలోకి వెళ్ళలేదు?"

"లేదు. ఇక్కడే ఈ బల్ల మీదే ఉంది."

"శుక్రవారం దాకా దాదాపు రెండు రోజులు. సరే. ఏసీలోంచి తీసిన టిక్కీని ఎంతసేపటికి విప్పుతారండీ?"

కోటేష్ కనుబొమలు ముడిచాడు. "అవన్నీ మేస్త్రీ చూసుకుంటాడమ్మా. నేను ఆఫీసులో కూర్చునేవాణ్ణి. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

జవాబు చెప్పింది ప్రసన్నకుమార్.

"మాది వినుకొండ దగ్గర కోటేష్ గారూ," అన్నాడు మెల్లగా. "మా నాన్న ఏటా నూటయాభై టిక్కీలు ఏసీలో పెడతాడు. తీసిన రోజు విప్పకూడదని మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మీ టేపు చెమట పట్టి మెషీనుకి అతుక్కుంది. ఈ ఎండల్లో రెండు రోజులు బల్ల మీదున్న టేపుకి చెమటెక్కణ్ణుంచి వచ్చింది?"

కోటేష్ చూపు టేపు మెషీన్ మీదికి పోయింది.

"డబ్బా బయటికొచ్చింది బుధవారం కాదు," అంది బిందుమాధవి. "శుక్రవారమే. అప్పుడే తీసి, వెంటనే మూత విప్పారు. కలీం గారు ఆ పని చెయ్యరు. ఆ పద్ధతి నేర్పిన మరియదాసు అసలే చెయ్యడు. చేసేది ఆ చలిగదికి యజమానై కూడా ఒక్క టిక్కీ ఎత్తి దింపని మనిషి."

"నేను కారులో పోతున్నా. రోడ్డు మీదనుంచి విన్నా, అంతే! టేపు పాటే విన్నా."

"కలీం గారూ, ఈ టేపు మెషీన్ చప్పుడు ఎందులోంచి వస్తుంది?"

"లోపలున్న స్పీకర్లోంచి మేడమ్. కొబ్బరికాయంత ఉంటుంది."

"కాటా గది దగ్గర టీ గ్లాసు అదిరేలా చేస్తుందా?"

"గోనెపట్టాలు దాటి ఆ అరుగు దాకా వినబడితేనే గొప్ప." కలీం మూలనున్న నల్లటి, బీరువాలో సగం ఎత్తున్న యాంప్లిఫయర్ వైపు చూశాడు. "గ్లాసు అదరాలంటే అది మోగాలి. అది బేస్ గిటారుకి తప్ప దేనికీ వాడం."

సీఐ ఆ యాంప్లిఫయర్ దగ్గరికి నడిచాడు.

"కరుణాకర్ ఒక్కడే పాడలేదు సీఐ గారూ," అంది బిందుమాధవి. "పక్కన ఇంకొకరు బేస్ వాయిస్తున్నారు."

ప్రసన్నకుమార్ పంచనామా కాగితం బల్ల మీద పరిచాడు. జేబులోంచి పెన్ను తీసి కోటేష్‌కి అందించాడు. "ముందు ఇక్కడ సంతకం పెట్టండి. మిల్లు తాళాలు మా స్వాధీనంలో ఉన్నట్టు."

కోటేష్ పెన్ను తీసుకున్నాడు. మామూలుగా పట్టుకోలేదు. చూపుడువేలూ నడిమివేలూ పైకి లేపి, బొటనవేలికీ ఉంగరంవేలికీ మధ్య ఇరికించుకుని, మొదటి అక్షరం వంకరగా గీశాడు.

"పెన్ను కింద పెట్టి చెయ్యి చూపించండి," అన్నాడు సీఐ.

"నూనె చిందింది. మొన్న వంటింట్లో..."

"చూపించండి."

కుడిచేతి చూపుడువేలి కొసన ఒకటి, నడిమివేలి కొసన ఒకటి. పగిలి, చర్మం ఊడి, ఎండుతున్న బొబ్బలు. మిగతా మూడు వేళ్ళూ శుభ్రంగా ఉన్నాయి.

"నూనె ఇంత పద్ధతిగా చిందదు," అన్నాడు ప్రసన్నకుమార్.

కలీం దగ్గరికి వచ్చి ఆ వేళ్ళను చూశాడు. నలభై ఏళ్ళ స్నేహితుడి చెయ్యి అది. "ఇరవై రెండేళ్ళు ముట్టుకోకుండా, ఒక్కసారిగా ఆరున్నర నిమిషాలు లావు తీగలు లాగితే ఇట్లాగే అవుతాయి," అన్నాడు. తర్వాత అడిగాడు. "ఒరేయ్ కోటేష్, వాడితో కలిసి వాయించావు కదరా? వాయించి, ఆ తర్వాతా?"

కోటేష్ డ్రమ్ముల దగ్గరున్న ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"వాడే ఫోన్ చేశాడు, స్పూలు తీసుకుని రమ్మని. వెనక గేటునుంచి వచ్చా. కరెంటు లేదు. చీకట్లో కూర్చుని పాత కబుర్లు చెప్పుకున్నాం. నవ్వుకున్నాం కూడా. కరెంటొచ్చింది. ఒక్కసారి నెర్రెలు వాయిద్దాంరా, ఆఖరిసారి నీ పాటగా వాయిద్దాం అన్నాడు. ఆ తర్వాత నువ్వే నలుగుర్లో చెప్పెయ్, నీ నోటితో చెబితే మర్యాదగా ఉంటుంది అన్నాడు."

"ఏం చెప్పాలి?" అంది బిందుమాధవి.

కోటేష్ జవాబు చెప్పడానికి ముందు గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఆరాధన నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఆ పాట నాది కాదని," అన్నాడు. "మాటలు, బాణీ అన్నీ మరియదాసువి. నీ తండ్రివేనమ్మా."

ఆ పాట ఆరాధన పుట్టకముందునుంచీ ఉంది. స్కూలు వార్షికోత్సవాల్లో పిల్లలు పాడతారు. క్యాసెట్టు అట్ట మీద, పోస్టర్ల మీద, స్టేజీల మీద దాని కింద ఉండే పేరు ఒకటే. కోటేష్.

"తొంభై ఒకటిలో క్యాసెట్టు వేస్తుంటే మా నాన్న వచ్చి అడిగాడు, ఎవడు రాశాడ్రా ఇది అని. మరియదాసు అన్నా. బస్తాలు మోసేవాడు రాసిన పాటకి నా మిల్లెందుకురా అన్నాడు. గది ఖాళీ చెయ్యమన్నాడు. పోనీ నీ పేరు పెట్టుకోరా, పాట బయటికి రావాలి గానీ అన్నాడు మరియదాసే. పెట్టుకున్నా. నన్నెవరూ మిల్లు ఓనరు కొడుకనరు. నెర్రెల కోటేష్ అంటారు. ముప్పై నాలుగేళ్ళు అదే నా పేరు. అది తీసేస్తే నేనెవర్ని? పదిహేను పాటలు నీవేగా, ఈ ఒక్కటీ వదిలెయ్యరా అని ఆ రోజు కరుణని బతిమాలా. నవ్వాడు. రికార్డు అట్ట అచ్చుకి వెళ్ళిపోయిందిరా, మరియదాసు పేరుతోనే అన్నాడు. గిటారు వైరు పీకడానికి అటు తిరిగాడు."

కోటేష్ కళ్ళు నేల మీది సుద్దగీత దగ్గర ఆగాయి.

"చివరి చరణం దాకా పాడాడు," అన్నాడు కోటేష్. "గొంతు ఏమీ మారలేదు వాడికి."

ప్రసన్నకుమార్ కానిస్టేబులుకు సైగ చేశాడు. కోటేష్ లేచి, ఎవరూ పట్టుకోకుండానే బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆరాధన పక్కకి తప్పుకుంది. అతను ఏదో అనబోయాడు. ఆమె మొహం తిప్పుకుంది.

టైము మూడూ ఇరవై అయిదు.

"జీపు ఆపించండి," అంది బిందుమాధవి.

"ఆపిస్తా. కానీ వినండి." మొదటిసారి ప్రసన్నకుమార్ గొంతులో పోటీ లేదు. "ఇప్పుడు ఆయన చెప్పింది పోలీసు ముందు చెప్పిన మాట. కోర్టులో దానికి విలువ లేదు. సాయంత్రానికి లాయరు వస్తాడు, రేపు పొద్దున్న అసలు నేనేమీ అనలేదంటాడు. బొబ్బలు మానిపోతాయి. టేపు మూడు వారాలు. నాకు కావలసింది కారణం. ఆ పాట కోటేష్‌ది కాదని చెప్పగలిగే మనిషి కావాలి. కరుణాకర్ పోయాడు."

"కలీం గారున్నారు."

కలీం తల అడ్డంగా ఊపాడు. "నేను రికార్డు చేశానంతే మేడమ్. రాసింది చూళ్ళేదు. పుకారుగా తెలుసు. మరియదాసుని ఎన్నోసార్లు అడిగా. నవ్వి ఊరుకునేవాడు."

"మిగిలింది ఒక్కడే," అన్నాడు సీఐ. "వాడు నోరు తెరవడు."

జీపులో ఉన్న హెడ్ కానిస్టేబులుకి ఫోన్ కలిపి, స్పీకరు ఆన్ చేసి, బల్ల మీద పెట్టాడు. బండి పక్కకి తియ్యమని, ఫోను మరియదాసు చేతికివ్వమని చెప్పాడు. లారీల హారన్లు వినబడ్డాయి. ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడు.

"మరియదాసూ, సీఐని మాట్లాడుతున్నా. కోటేష్ ఒప్పుకున్నాడు."

నెమ్మదైన, బొంగురు గొంతు. "కోటేష్‌ని కొట్టారా సార్?"

"లేదు. ముందు ఇది చెప్పు. శుక్రవారం పదింటికి కరుణాకర్‌తో ఎందుకు గొడవపడ్డావు?"

జవాబు లేదు.

"నాన్నా," అంది ఆరాధన ఫోను మీదికి వంగి. "పాట సంగతి నాకు చెప్పారు. ఆయనే చెప్పాడు."

అవతల ఏదో విరిగినట్టు చిన్న శబ్దం. ఏడుపో దగ్గో తెలియలేదు.

"వద్దన్నానమ్మా," అన్నాడు మరియదాసు. "వద్దురా కరుణా, ఈ వయసులో నాకెందుకురా పేరు, వాడు తట్టుకోలేడు అన్నా. చొక్కా పట్టుకుని అరిచా. వాడు వినలా. నా పేరు కోసం పోయాడమ్మా వాడు."

"మరి నిన్నట్నుంచి ఎందుకు చెప్పలేదు నాన్నా? జైలుకి పోతున్నావు!"

"ఏమని చెప్పను? ఎందుకు గొడవంటే పాట సంగతి ఎత్తాలి. వాణ్ణి మట్టిలో పెట్టి ఒక్కరోజు కాకముందే నా పాట, నా పాట అంటూ నిలబడాలి. దానికన్నా జైలే నయమనిపించింది."

ఆరాధన అరచేతులు బల్ల మీద ఆనించి నిలబడింది. ఆమె ఏం చెబుతుందోనని బిందుమాధవి ఎదురుచూసింది. ఈ కేసులో ఇక తను చెయ్యగలిగింది ఏమీ లేదు.

"కరుణాకర్ అంకుల్ అట్ట మీద నీ పేరు వేయించి అచ్చుకి పంపాడట నాన్నా," అంది ఆ అమ్మాయి. "అది నిజమని చెప్పడానికి ఇప్పుడు ఆయన లేడు. నువ్వూ చెప్పకపోతే ఆయన అబద్ధం అచ్చేయించినట్టవుతుంది."

ప్రసన్నకుమార్ తెల్లకాగితం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీశాడు.

"మరియదాసూ, ఇది స్టేట్‌మెంట్లోకి వెళుతుంది. రేపు కోర్టులో ప్రమాణం చేసి మళ్ళీ ఇదే చెప్పాలి. 'నెర్రెలు' పాట ఎవరిది?"

ఒక లారీ దాటిపోయింది. ఇంకొకటి దాటిపోయింది.

"నాది సార్," అన్నాడు మరియదాసు. "రాసుకోండి."